లారీలో రాలిపోయిన 'క'

ఆయన అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది గాని, ఫ్యాక్టరీ గేటు దాటితే అందరికీ ఆయన సమన్వయం సారే. ఏ పని గురించి అడిగినా "దాని సమన్వయం నేనే" అంటాడు. నీళ్ళు కాచే హీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. పెట్టెలో హీటరుతోపాటు పెట్టే వాడకం పుస్తకాలు వేయించడం ఆయన ఉద్యోగం. రాసేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, టైపు చేసేవాళ్ళు, తప్పులు దిద్దేవాళ్ళు, ఎవరూ ఫ్యాక్టరీ మనుషులు కారు. అంతా బయటివాళ్ళు, ఫ్రీలాన్సర్లు. వాళ్ళని వెతికి పట్టుకుని పని చేయించడంలో తనని మించినవాడు పుట్టలేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే అయినా, నలుగురు పంచుకున్నా మిగిలేంత ఉంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి గేటు ఎదురుగా ఉన్న టీకొట్టులో ఆ బయటివాళ్ళలో ఒకావిడ కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. ప్రెస్సులన్నీ ఆవిడని ప్రూఫులక్క అంటాయి. ఆవిడ ముందు బల్ల మీద, గాలికి ఎగరకుండా టీగ్లాసు బరువు పెట్టిన కాగితం ఒకటి ఉంది. అది సమన్వయం సారు టైపు చేయించి తెచ్చింది.

సంగతి ఇది. పుస్తకం ఏడో పేజీలో "తడి చేతులతో ముట్టుకోకండి" అని ఉండాలి. ఒక్క 'క' ఎగిరిపోయి "తడి చేతులతో ముట్టుకోండి" అని అచ్చయింది. హీటరు కొన్న ఒక పెద్దాయన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివే రకం. చదివి, చెప్పినట్టే చేశాడు. షాకు కొట్టి గోడకి తగిలాడు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి వారం రోజులు లేవలేదు. చెయ్యి లేచిన రోజే దాంతో పుస్తకం పట్టుకుని ఫ్యాక్టరీకి వచ్చాడు. "ముట్టుకోమన్నది మీరే కదా!"

నాలుగింటికి ఫ్యాక్టరీ నడిపే పెద్దమేడం దగ్గర విచారణ. కాగితంలో ఉన్నది రెండే వాక్యాలు. "ఈ లోపాన్ని అచ్చయ్యేదాకా ఎవరూ గుర్తించలేదు. ఇది ప్రూఫు దిద్దడంలో జరిగిన పొరపాటు." కింద రెండు సంతకాలకి చోటు. ఎడమవైపు సమన్వయం సారు పెట్టేశాడు. కుడివైపు ఖాళీ.

నిజానికి ఆ 'క' లేదని ఆవిడ అచ్చుకి రెండు రోజుల ముందు, బుధవారమే పట్టుకుంది. ఎర్రసిరాతో రాసి, పక్కన గీత గీసి, కాగితం ఆయన చేతికే ఇచ్చింది. టైపు చేసే మనిషికి తనే పంపుతానన్నాడాయన. ఇప్పుడా కాగితం కనబడటం లేదట. ఆవిడ దగ్గర నకలు లేదు. దిద్దిన కాగితం దిద్దినట్టే తిరిగిచ్చేయడం ఆవిడ అలవాటు. ఈ కాగితం మీద సంతకం పెడితే రేపటి నుంచి ఏ ప్రెస్సూ ఆవిడకి పని ఇవ్వదు. ప్రూఫులు దిద్దేవాళ్ళని కన్ను చూసి పిలుస్తారు, ముఖం చూసి కాదు. ఆ కన్ను మీదే మచ్చ పడుతుంది.

"నేను పెట్టను సారూ," అని అప్పటికి మూడుసార్లు చెప్పింది.

"పెడతావమ్మా, పెడతావు. కంగారేముంది? ముందు టీ తాగు," అన్నాడాయన. ఒప్పించడానికి ఇంకా గంట టైముంది. పైగా కొట్టులో మనుషులున్నారు. మనుషులుంటే ఆయనకి వేరే పని గుర్తుండదు.

ఉన్నది ముగ్గురే. కొట్టు నడిపే పిన్ని, హీటర్ల లోడు కోసం కాచుకున్న లారీ డ్రైవరు, పుస్తకాలు అచ్చువేసిన ప్రెస్సు మేస్త్రి. మేస్త్రినీ విచారణకి రమ్మన్నారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు గాని గోళ్ళలో సిరా పోలేదు.

డ్రైవరే కదిపాడు. "సారూ, నాకూ ఇద్దరు బయటి డ్రైవర్లు కావాలి. లోడున్న రోజే వచ్చి వెళ్ళేవాళ్ళు. అలాంటివాళ్ళతో పని ఎలా చేయిస్తారు మీరు?"

ఎండిన గడ్డివాములో అగ్గిపుల్ల పడింది.

"తమ్ముడూ," అన్నాడు సమన్వయం సారు, కుర్చీ రోడ్డువైపు నుంచి జనంవైపు తిప్పుకుని, "బయటి మనిషిని పట్టుకోవడం చేపని పట్టుకోవడం లాంటిది. గట్టిగా పట్టుకున్నావా, జారిపోతుంది. వదులుగా పట్టుకున్నావా..."

"అదీ జారిపోతుంది," అంది పిన్ని, పాలగిన్నె మీంచి తలెత్తకుండా.

"అదే చెబుతున్నా! మరెలా పట్టుకోవాలి? మన బొమ్మలు గీసేవాడు లేడూ, వాడు ఫోనెత్తడు. ప్రపంచంలో ఎవరు చేసినా ఎత్తడు. నేనేం చేశానో తెలుసా? ఒక్కసారి మోగించి పెట్టేశా. అంతే. వాడికి నిద్ర పట్టదు. ఎవరో కొత్త పార్టీ అయ్యుంటుంది, పని పోయిందేమో అని వాడే చేశాడు. ఒకసారి కాదు, పదకొండుసార్లు చేశాడు. పన్నెండోసారికి ఎత్తా. బొమ్మ పని అప్పగించా. కాని దేనికి బొమ్మో చెప్పలా."

"చెప్పకపోతే ఎలా గీస్తాడు?" అన్నాడు డ్రైవరు.

"అక్కడే ఉంది కిటుకు! బయటివాడికి పని మొత్తం చెప్పకూడదు. చెబితే వాడు ఆలోచిస్తాడు. ఆలోచిస్తే ఆలస్యం. గుండ్రంగా, నిలువుగా, పైన రెండు గొట్టాలు గియ్యమన్నా. గీశాడు."

"అందుకేనా ఆ హీటరు కొమ్ములున్న పీపాలా ఉంది," అన్నాడు మేస్త్రి.

సమన్వయం సారు విననట్టే ముందుకు సాగాడు. "రెండోది, ఒక బయటివాడు ఇంకో బయటివాడి ముఖం చూడకూడదు. టైపు చేసేవాడికి ప్రూఫులమ్మ ఎవరో తెలీదు. ప్రూఫులమ్మకి టైపువాడు ఎవరో తెలీదు. వాళ్ళు కలిశారా, మాట్లాడుకుంటారు. మాట్లాడుకున్నారా, ఇక నేనెందుకు? అన్నీ నా దగ్గరికి రావాలి, నా దగ్గర్నుంచే పోవాలి. సమన్వయం!"

'నా కాగితం కూడా మీ దగ్గరికే వచ్చింది. ఎక్కడికీ పోలేదు,' అనుకుంది ప్రూఫులక్క. పైకి అనలేదు. ఆవిడది దిద్దే చెయ్యి గాని అరిచే నోరు కాదు. టీ ఒక గుక్క తాగింది.

"ఇదంతా పసిపిల్లలాట. అసలు పనితనం చూడాలంటే ఈ 'క' గొడవ చూడాలి. ఆ పెద్దాయనకి షాకు కొట్టిందని ఫోనొచ్చింది. ఆఫీసంతా గంగవెర్రులెత్తిపోయింది. ఒక్కడు కదల్లేదు. ఎవరు?"

"మీరే," అంది పిన్ని.

"నేనే! ఎందుకు కదల్లేదు? నాకు ముందే తెలుసు గనక. అరవైవేల పుస్తకాలు కట్టలు కట్టి గోడౌనులో దించిన శనివారం పొద్దున్నే, నేను రెండో అంతస్తులో ఉన్నాను, కట్టలు కింద ఉన్నాయి. కట్ట మోస్తూ మెట్లెక్కుతున్న కూలీ అడుగుల చప్పుడు విన్నా. తేలిగ్గా పడుతున్నాయి. ఏంటిది, కట్టకి ఒక అక్షరం బరువు తగ్గిందే అనుకున్నా. దిగొచ్చి తెరవకుండానే చెప్పా, ఏడో పేజీ, నాలుగో వరస, 'క' లేదు!"

"తెరవకుండానే!" అన్నాడు డ్రైవరు.

"తెరిస్తే ఎవడైనా చెబుతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్ళీ అచ్చువెయ్యాలంటే నెల. నేను ఒక్క పూట అడిగా. ఫోను తీశా, నలభైమంది ఫ్రీలాన్సర్లని పిలిచా. అరవైవేల 'క'లు చేత్తో రాయాలి. ఒక మనిషికి మొత్తం అక్షరం ఇవ్వలేదు, పని మొత్తం చెప్పకూడదన్నాగా! ఒక వరసకి గుండ్రం, ఒక వరసకి అడ్డగీత, ఒక వరసకి తలకట్టు. గుండ్రంవాడికి తాను 'క' రాస్తున్నానని తెలీదు, ఏదో సున్నా చుడుతున్నా అనుకున్నాడు. తలకట్టు వరసలో ఒకడు తెలివెక్కువై గుడి పెట్టాడు. 'ముట్టుకోకిండి' అయింది! పట్టుకున్నా. వాడిని లేపి పక్కన కూర్చోబెట్టి, గుడి విప్పే పని ఒక్కటే ఇచ్చా."

పిన్ని చెయ్యి పాలగిన్నె మీద ఆగింది. "సారూ, మధ్యలో చోటేది? ముందు 'కో', వెనక 'ండి'. ఈ 'క' ఎక్కడ ఇరుకుతుంది?"

"అలా అడుగు! దానికి వేరే మనిషిని తెచ్చా. అక్షరాలు జరిపేవాడు. దేశం మొత్తానికి ఇద్దరే ఉన్నారు. రెండోవాడికి నడుంనొప్పి. వాడొచ్చి గోరు పెట్టి, 'జరగండమ్మా, జరగండి, లోపల ఖాళీ ఉంది' అని బస్సులో కండక్టరులా తోశాడు. వరస మొత్తం జరిగింది. చివర్న చుక్క ఉందే, పూర్ణవిరామం, దానికి నిలబడే చోటు లేక పేజీ అంచు మీంచి జారి కిందపడింది. ఒక పుస్తకంలోదా? అరవైవేల చుక్కలు! గోడౌను నేల మీద ఆవాలు పారబోసినట్టు. కాలు పెడితే జారుతుంది. వాటిని ఏరడానికి ఇంకో ఆరుగురు. ఏరినవి పారెయ్యలేదు, డబ్బాలో పోయించి దాచా. వచ్చే పుస్తకానికి పనికొస్తాయి."

డ్రైవరు బల్ల మీద చరిచి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. గోటి కింద సిరా గీక్కుంటూ అడిగాడు. "అరవైవేల 'క'లూ పెట్టించారు. మరి ఆ పెద్దాయన పుస్తకంలో లేదేంటి సారూ?"

సమన్వయం సారు టీ గ్లాసు ఎత్తి, దించి, డ్రైవరు వైపు వేలు చూపించాడు.

"వీడిని అడుగు! సిరా ఆరకముందే లారీ ఎక్కించాడు. గోతుల్లో పోనిచ్చాడు. కుదుపుకి 'క'లన్నీ రాలిపోయాయి!"

"నా లారీలోనా?" డ్రైవరు లేచి నిలబడ్డాడు. "రోజూ ఊడ్చేది నేనే సారూ. రెండు మేకులు, ఒక చెప్పు దొరికాయి. 'క' ఒక్కటీ దొరకలా!"

"చీపురుకి అంటుకుపోయి ఉంటాయి. చూసుకున్నావా?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రూఫులక్క మాత్రం నవ్వకుండా వింటోంది. ఆవిడకి అలవాటైన విధంగా, కథని కాక కథలో తేదీలని చదువుతోంది. ఆఫీసు కాగితం ప్రకారం అచ్చయ్యేదాకా ఎవరికీ తెలీదు. నోటి ప్రకారం ఆయనకి శనివారమే తెలుసు.

మేస్త్రి వదల్లేదు. "అచ్చయ్యాక చూడటం ఏం గొప్ప సారూ? మా దగ్గర కట్టలు కట్టే ముసలావిడ కూడా శుక్రవారం సాయంత్రమే చూసింది. నాతో చెప్పింది. నేను మీకు ఫోన్ చేశా, మీరెత్తలా."

మేస్త్రి గొంతులో ఉన్నది నింద. సమన్వయం సారుకి వినబడింది పోటీ.

"ముసలావిడా? శుక్రవారం సాయంత్రమా?" ఆయన కుర్చీ చప్పుడైంది. "శనివారం అన్నది నేను అందరికీ చెప్పే కథ. నీకు కాబట్టి చెబుతున్నా, నేను చూసింది అచ్చుకు ముందే! శుక్రవారం పొద్దున చూసి, వెంటనే సముద్రం అవతలున్న ఒక ఫ్రీలాన్సరుకి పని ఇచ్చా. మనకి పగలైతే వాడికి రాత్రి. మన శుక్రవారం ఇంకా వాడి ఊరికి చేరలేదు. ఇక్కడ శుక్రవారం ఇచ్చిన పనిని వాడు ఏ రోజు పూర్తిచేసి పంపాడో తెలుసా?"

"ఏ రోజు?" అన్నాడు డ్రైవరు. లారీ సంగతి మర్చిపోయాడు.

"గురువారం! నేను ఇవ్వకముందే చేసిన పని నా ముందుంది. ఇదీ ఫ్రీలాన్సరుని ఎంచుకోవడం అంటే! ఇంకొంచెం పడమటివాడు దొరికితే, పోయిన నెల పని కూడా ఈ నెల చేయించేవాణ్ణి."

"అయితే మీకు గురువారమే తెలుసన్నమాట," అంది ప్రూఫులక్క.

ఆయన కథ మొదలుపెట్టాక ఆవిడ నోరు విప్పడం అదే మొదలు. గొంతు పెంచలేదు.

"గురువారమే!"

"మీకంటే ముందు చూసిన మనిషి ఒకరున్నారు సారూ."

"ఎవరు? పేరు చెప్పు!"

"నేను. బుధవారం మధ్యాహ్నం. ఎర్రసిరాతో."

సమన్వయం సారు ముఖం ఒక పక్క ఆఫీసువైపు, ఒక పక్క శ్రోతలవైపు లాగింది. లేదు, నువ్వు పట్టుకోలేదు, అనాలి. బల్ల మీద కాగితం అదే చెబుతోంది. అలా అంటే గురువారం చూసిన ఆయనే మొదటివాడుగా మిగులుతాడు. గాని బుధవారం అనే మాట అప్పటికే ముగ్గురి చెవుల్లో పడింది. ఒక ఆడమనిషి, అందులోనూ తను పని ఇచ్చే మనిషి, తనకంటే ఒక రోజు ముందుంది. మేస్త్రి ఆయన ముఖంలోకే చూస్తున్నాడు.

"పోన్లెండి సారూ, ప్రూఫులక్క కన్నుతో పోటీ ఎవరికి సాధ్యం?" అన్నాడు మేస్త్రి.

అంతే.

"ఏం సాధ్యం కాదు? ఈవిడ ఎర్రపెన్ను మూత తియ్యకముందే నేను చూశా! బుధవారం పొద్దున్నే చూశా! చూసి కూడా ఎందుకు ఊరుకున్నానో తెలుసా? పరీక్ష! ఈ మనిషి పట్టుకుంటుందా లేదా అని పరీక్ష పెట్టా!"

"పట్టుకుందా మరి?" అంది పిన్ని.

"పట్టుకోక?" సమన్వయం సారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎవరు ఎంచుకున్న మనిషి! ఊళ్ళో ఇంతమంది దిద్దేవాళ్ళుండగా ఈవిడనే ఎందుకు తెచ్చా? నా ఎంపికకి తిరుగుండదు. ఎర్రగా, ఇంత 'క' రాసి, పక్కన గీత గీసి నా చేతికిచ్చింది. చూడగానే అనుకున్నా, శభాష్, నా కన్ను తర్వాత ఈవిడ కన్నే!"

ప్రూఫులక్క గ్లాసు పక్కకి జరిపి కాగితం తీసింది. జేబుగుడ్డంత బల్ల మీద దాన్ని తిన్నగా పరిచి, మొదటి వాక్యం కింద గోరు ఉంచింది.

"అయితే ఇందులో తప్పుంది సారూ. 'అచ్చయ్యేదాకా ఎవరూ గుర్తించలేదు' అని ఉంది. మీరు గుర్తించారు. ఇంత గొప్ప సంగతి పెద్దమేడానికి తెలియొద్దూ? తప్పున్న కాగితం మీద నేను ఇంతవరకూ సంతకం పెట్టలేదు. దిద్దకుండా పెట్టను."

"దిద్దితే పెడతావా?"

"తప్పులు లేని కాగితమైతే నాకు అభ్యంతరం ఏముంటుంది?"

"ఆయన రాయలేరులే అక్కా," అన్నాడు మేస్త్రి. "చెప్పడం వేరు, రాయడం వేరు."

"రాయలేనా! ఆ పెన్నిలా పడెయ్!" సమన్వయం సారు పెన్ను లాక్కున్నాడు. వాక్యాన్ని అడ్డంగా ఒక్క గీతతో కొట్టేశాడు. పైన, ఇరుకు చోటులో, పెద్ద అక్షరాలతో రాశాడు. రాస్తూ పైకి చదివాడు కూడా, శ్రోతలకి ఒక్క ముక్క పోకూడదని. "ఈ లోపాన్ని బుధవారం పొద్దుననే నేను స్వయంగా గుర్తించాను. అదే రోజు నేను ఎంపిక చేసిన ప్రూఫు మనిషి దిద్ది నా చేతికిచ్చింది."

"అలాగైతే రెండో వాక్యం కూడా నిలబడదు," అంది ఆవిడ. "నేను దిద్ది ఇచ్చానని మీరే రాశాక, దిద్దడంలో పొరపాటు ఎక్కడిది?"

"నా ఎంపికలో పొరపాటా? ఛ!" అని దాన్నీ కొట్టేశాడు.

"దిద్దిన చోట పొట్టి సంతకం, తేదీ పెట్టాలి. మా పనిలో పద్ధతి."

ఆయన ఒకటి అడిగితే రెండు పెట్టాడు.

మేస్త్రి కాగితం మీదికి వంగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పటిదాకా గొంతులో ఉన్న వెటకారం పోయి, మామూలుగా, నిజంగానే తెలుసుకోవాలని ఉన్నవాడిలా అడిగాడు. "సారూ, అచ్చు శుక్రవారం మధ్యాహ్నం కదా. బుధవారం మీ చేతిలో ఉన్న 'క', రెండు రోజుల్లో నాకెందుకు రాలేదు?"

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. పిన్ని స్టవ్ తగ్గించింది. సమన్వయం సారు పెదవులు కదిలాయి. ఇంకో కథ వస్తుందని అందరూ చూశారు. తపాలా పావురమో, తుపానో, అక్షరదొంగో ఏదో ఒకటి. రాలేదు. ఆయన కాగితం మీద తన సొంత దస్తూరీని, అపరిచితుణ్ణి చూసినట్టు చూశాడు.

వెనక్కి తగ్గడానికి దారి ఉంది. ఇదంతా కోతలమ్మా, సరదాకి అన్నా, అంటే సరిపోతుంది. ఆ మాట ఆయన ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అనలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"ఎందుకు రాలేదంటే రాలేదు!" అన్నాడు తల పైకెత్తి. "అది వేరే సంగతి. ముందు చూసింది మాత్రం నేనే. ఎక్కడైనా చెబుతా. పెద్దమేడం ముందైనా చెబుతా!"

"చెప్పండి సారూ. నేను కాదనను," అంది ప్రూఫులక్క.

గేటు లోపల నాలుగు గంటల సైరను మోగింది. ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, సిరా ఆరిందో లేదో వేలితో తాకి చూసింది, కాగితం తీసుకుని రోడ్డు దాటడానికి రెండు వైపులా చూసింది. మేస్త్రి ఆవిడ వెనకే నడిచాడు.

సమన్వయం సారు కుర్చీలోంచి సగం లేచి కేకేశాడు. "ఆగమ్మా! దిద్దితే పెడతానన్నావుగా. సంతకం ఏది?"

ఆవిడ గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"ఇప్పుడు దీనికి ఒక్కటి చాలు సారూ. అది మీరు పెట్టేశారు."